మీకు తెలుసా? సూదిమందు పడిందో లేదో పాదమే చెబుతుంది

చెయ్యో కాలో విరిగి, ఎముక అతుక్కుని, కట్టు విప్పాక కూడా కొందరికి మంట, సలుపు వదలవు. దుప్పటి అంచు తగిలినా ఓర్వలేరు. అమెరికా అంతర్యుద్ధంలో నరాలకు తూటా దెబ్బలు తగిలిన సైనికుల్లో ఇలాంటి మంటనే సైలస్ వైర్ మిచెల్ అనే డాక్టరు 1864లో నమోదు చేశాడు. తాళలేక బూట్లలో నీళ్లు పోసుకున్నవాళ్లూ ఉన్నారట! ఈ జబ్బును ఇప్పుడు సీఆర్‌పీఎస్ అంటున్నారు.

ఇలాంటి కొందరికి మత్తు డాక్టర్లు సింపథెటిక్ నరాల దగ్గర సూదిమందు వేస్తారు. కాలి నొప్పికి నడుము దగ్గర, చేతి నొప్పికి మెడలో. చర్మంలోని సన్న రక్తనాళాలను బిగించి ఉంచేవి ఈ నరాలే, సాగర్ కాలువ తూముకు తలుపు దించినట్టు. మందు పనిచేస్తే తలుపు లేస్తుంది, నిమిషాల్లో పాదం వెచ్చబడుతుంది. అందుకే ముందుగానే రెండు పాదాలకూ ఉష్ణోగ్రత కొలిచే తీగలు అంటించి, రెండో కాలితో పోల్చి చూస్తారు.

మెడలో వేసినప్పుడు కనురెప్ప వాలుతుంది, కంటిపాప చిన్నదవుతుంది. అది చూసి పని అయిపోయిందనుకోకూడదు. ముఖానికి వెళ్లే నరాలు మొద్దుబారినా చేతికి వెళ్లేవి మేలుకునే ఉండొచ్చు. చెయ్యి వెచ్చబడాల్సిందే.

రక్తప్రవాహాన్ని నేరుగా చూడాలంటే లేజర్ డాప్లర్ ఉంది. కదిలే రక్తకణాలకు తగిలి వెనక్కి వచ్చే కాంతిలో వచ్చిన మార్పును బట్టి అది లెక్క కడుతుంది. అది లేని చోట, కరోనా రోజుల్లో మనం కొని బీరువాలో పడేసిన ఆక్సీమీటరు లాంటిదీ కొంత పనికొస్తుంది. చాలావాటిలో 'పీఐ' అని ఓ అంకె కనిపిస్తుంది చూడండి. కాలివేలికి పెట్టినప్పుడు అది పెరిగిందంటే అక్కడికి రక్తం ఎక్కువగా చేరుతున్నట్టే.

జగ్గయ్యపేట, నందిగామ ఎండలతో ఒక చిక్కుంది. వేడికి చర్మంలో రక్తనాళాలు ముందే తెరుచుకుంటాయి. శరీరం లోపలి వేడే 37 డిగ్రీలు; పాదం అప్పటికే 35 దగ్గరుంటే ఇంకెంత పెరుగుతుంది? మందు సరిగ్గా పడినా తేడా కనపడదు. మే నెల మధ్యాహ్నం బస్సెక్కి విజయవాడ ఆసుపత్రికి చేరిన మనిషిని కాసేపు చల్లటి గదిలో పడుకోబెట్టాకే కొలత మొదలుపెట్టడం న్యాయం.

పాదం వెచ్చబడినా నొప్పి తగ్గలేదంటే, ఆ నొప్పి ఆ నరాలది కాకపోవచ్చు. అదే సూది మళ్లీ మళ్లీ ఎందుకు? వెచ్చబడకుండానే నొప్పి తగ్గిందా? మందు పక్కకు పాకి స్పర్శ నరాలను మొద్దుబార్చి ఉండొచ్చు, లేదా సూది పడిందన్న నమ్మకమే పని చేసి ఉండొచ్చు. అసలీ సూదులతో ఎక్కువ కాలం మేలు జరుగుతుందనడానికి ఆధారాలు ఇప్పటికీ అంతంతమాత్రమే. వేయించుకునేవాళ్లు సూదికి ముందు పాదం వేడి ఎంత, తర్వాత ఎంత అని డాక్టరుగారిని అడిగి, చీటీ మీద రాయించుకోవచ్చు.