ధర్మవరం

ధర్మవరం, ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రములోని శ్రీ సత్యసాయి జిల్లాకు చెందిన పట్టణము, రెవెన్యూ డివిజన్ కేంద్రము. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడేవరకు ఇది అనంతపురం జిల్లాలో ఉండేది. అనంతపురమునకు దక్షిణముగా సుమారు 40 కి.మీ. దూరములో, చిత్రావతి నది ఒడ్డున ఉన్నది. 2011 జనాభా లెక్కల ప్రకారము ఇచ్చటి జనాభా 1.2 లక్షలకు పైబడినది. ఇక్కడ నేసే పట్టు చీరలు దేశమంతటా ప్రసిద్ధి చెందినవి.

ఈ ప్రాంతము పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్నది. అనంతపురం ప్రాంతములో ఏడాదికి కురిసే వాన సగటున 550 మి.మీ. మాత్రమే. చుట్టుపక్కల పల్లెలు చిరకాలముగా వానను నమ్ముకొని వేరుశనగ వేస్తున్నాయి. అదను తప్పితే పెట్టుబడి కూడా చేతికి రాదు. అటువంటి మెట్ట నేల నడుమ, వానతో సంబంధము లేని ఒక వృత్తిని ఆధారము చేసుకొని ధర్మవరం పెద్ద వర్తక కేంద్రముగా ఎదిగినది. అయితే వాన మీద ఆధారపడవలసిన అవసరము తప్పినా, పరుల మీద ఆధారపడవలసిన అవసరము తప్పలేదు. నూలు ధర, చీర ధర రెండూ ఊరి బయటే నిర్ణయమవుతాయి. ఈ పట్టణపు మంచి చెడ్డలు చాలావరకు ఈ ఒక్క విషయము చుట్టూ తిరుగుతాయి.

పేరు, చరిత్ర

క్రియాశక్తి ఒడయరు అను ఆయన ఇచ్చటి పెద్ద చెరువును కట్టించి, తన తల్లి ధర్మాంబ పేరు మీద ఊరికి ఈ పేరు పెట్టినాడని చెబుతారు. రాయలసీమలో అనేక ఊళ్ళ పుట్టుక ఇట్లే ఒక చెరువుతో ముడిపడి ఉండడము గమనించదగినది. 1800లో నిజాము ఈ ప్రాంతమును ఆంగ్లేయులకు దత్తము చేసిన తరువాత ఇది బళ్ళారి జిల్లాలో చేరినది. 1882లో బళ్ళారి నుండి అనంతపురం జిల్లాను వేరు చేసినప్పుడు ఆ జిల్లాలోనికి వచ్చినది. ఆంధ్ర నాటక పితామహుడుగా పేరొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) ఇంటిపేరు ఈ ఊరిదే. ఆయన నాటక రంగము మాత్రము బళ్ళారి.

పట్టు చీరలు

ధర్మవరం చీరకు వెడల్పైన జరీ అంచు, నిండైన కొంగు ముఖ్య లక్షణములు. పడుగు ఒక రంగు, పేక మరొక రంగు వేసి నేయుట వలన వెలుతురు పడే తీరును బట్టి చీర రంగు మారినట్లు కనిపిస్తుంది. పెళ్ళిళ్ళకు కొనేవారే ఈ చీరలకు ప్రధాన కొనుగోలుదారులు. కనుక ముహూర్తాలు లేని మాసములలో అమ్మకములు మందగిస్తాయి.

చీరను నేసేది ఒక్కరే అనిపించినా, దాని వెనుక పలువురి చేతి పని ఉన్నది. ముడిపట్టుకు పురి పెట్టేవారు వేరు, దానిని ఉడికించి బంక తీసి రంగులద్దేవారు వేరు. పడుగు సిద్ధమైన తరువాత దాని పోగులను పాత పడుగు కొసలతో ఒక్కొక్కటిగా కలపాలి. దీనిని అచ్చు అతకడము అంటారు. వేల పోగులు గల ఈ పనినే బ్రతుకుతెరువుగా చేసుకొన్నవారు ఇక్కడ ఉన్నారు. ఇంటిలోని స్త్రీలు కండెలు చుడతారు. మగ్గము మీద కూర్చొని నేస్తారు కూడా. పూలు, బుట్టలు రావడానికి మగ్గముపై జకార్డు పెట్టె, దానికి రంధ్రములు గల అట్టలు ఉంటాయి. డిజైనును బట్టి ఒక్కొక్క చీరకు కొన్ని దినముల నుండి కొన్ని వారముల వరకు పడుతుంది.

తొగటలు, పద్మశాలీలు, దేవాంగులు వంటి నేత కులములవారే గాక ఇతర కులములవారు కూడా ఇక్కడ మగ్గము పట్టినారు. నేసేపేట అనే పేరే ఊరిలో ఈ వృత్తికి గల స్థానమును తెలుపుతుంది. చాలా ఇండ్లలో మగ్గము ఉన్న గదియే నివాసపు గది కూడా. ఇక్కడ ఒక విచిత్రము ఉన్నది. కరవు సీమలో అందరూ వాన కొరకు ఎదురు చూస్తే, గుంత మగ్గము నేసేవారికి ముసురు పట్టితే పని ఆగిపోతుంది. గుంతలో చెమ్మ ఊరుతుంది, పడుగు బిగువు తప్పుతుంది.

వర్తకము, నేతగాని స్థితి

ఊరికి కావలసిన ముడిపట్టులో అధిక భాగము హిందూపురం, కర్ణాటకలోని రామనగర, శిడ్లఘట్ట వంటి పట్టు కేంద్రముల వైపు నుండి వస్తుంది. చైనా నుండి దిగుమతి అయ్యే పట్టు కూడా ధరను ప్రభావితము చేస్తుంది. జరీ గుజరాత్‌లోని సూరత్ నుండి వస్తుంది. పట్టు ధర పెరిగిన వెంటనే చీర ధర పెంచడము సాధ్యము కాదు. ఆ మధ్యకాలపు నష్టమును సాధారణముగా భరించేది నేతగాడే.

నేసేవారిలో సొంతముగా పట్టు కొని నేసి అమ్ముకొనేవారు కొందరే. ఎక్కువమంది పెట్టుబడిదారు (మాస్టర్ వీవర్) వద్ద పట్టు, జరీ తెచ్చుకొని, చీర నేసి ఇచ్చి కూలి తీసుకొంటారు. ఇందులో సరుకు కొనే భారము, అమ్ముడుపోదేమో అనే భయము నేతగానికి ఉండవు. కానీ మగ్గము పెట్టుకొనేందుకో, ఇంటిలో పెళ్ళికో, వైద్యమునకో ముందుగా తీసుకొన్న అప్పు అతనిని ఆ పెట్టుబడిదారుకే కట్టిపడేస్తుంది. 2000 దశకము నుండి ఇచ్చటి నేతకారుల ఆత్మహత్యలు పలుమార్లు వార్తలలోకి వచ్చినాయి. 2020లో కరోనా వలన పెళ్ళిళ్ళు ఆగిపోయినప్పుడు నేసిన చీరలు అమ్ముడుపోక నిలిచిపోయినాయి.

సొంత మగ్గము గల కుటుంబమునకు ఏటా 24,000 రూపాయలు ఇచ్చే నేతన్న నేస్తం పథకమును 2019 డిసెంబరు 21న రాష్ట్ర ప్రభుత్వము ధర్మవరములోనే ప్రారంభించినది. ఇది 2023 వరకు అమలు జరిగినది. మగ్గము సొంతము కాని కూలి నేతగానికి, రంగులద్దేవారికి, అచ్చు అతికేవారికి ఇది వర్తించలేదు. పథకములోని ముఖ్యమైన లోపము ఇదే.

మరమగ్గముల పోటీ

కొన్ని రకముల వస్త్రములను చేనేతకే కేటాయిస్తూ 1985లో పార్లమెంటు చట్టము చేసినది. జరీ అంచు పట్టు చీర అందులో ఉన్నది. అయినప్పటికీ అదే డిజైనును మరమగ్గము మీద త్వరగా నేసి తక్కువ ధరకు అమ్మడము ఆగలేదు. ఆ మరమగ్గములు దూర ప్రాంతములలోనే కాక ధర్మవరములోనూ ఉండడము వలన సమస్య జటిలమైనది. చేతిమగ్గము వదలి మరమగ్గము పెట్టుకొన్నవారిలో ఒకప్పటి నేతకారులు కూడా ఉన్నారు. కనుక దీనిని బయటివారికీ ఊరివారికీ మధ్య తగవుగా చూడడము సరికాదు.

ధర్మవరం చేనేత పట్టు చీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు లభించినది. కొనేవారు రెండు ముద్రల తేడా తెలుసుకొనుట అవసరము. 2004లో వచ్చిన సిల్క్ మార్క్, వస్త్రము అసలు పట్టు అని మాత్రమే చెబుతుంది; మరమగ్గముపై నేసిన పట్టుకు కూడా అది ఉండవచ్చును. చేతితో నేసినదని తెలిపేది 2006లో ప్రవేశపెట్టిన హ్యాండ్‌లూమ్ మార్క్.

రవాణా

ధర్మవరం రైల్వే జంక్షను. ఇక్కడి నుండి గుంతకల్లు వైపు, హిందూపురం మీదుగా బెంగుళూరు వైపు, కదిరి, మదనపల్లె మీదుగా పాకాల వైపు మార్గములు ఉన్నాయి. పాకాల మార్గము ఒకప్పుడు మీటరు గేజి. 2010లో బ్రాడ్ గేజిగా మారినది. పుట్టపర్తి మీదుగా పెనుకొండకు వెళ్ళే మార్గము 2000లో వచ్చినది. బెంగుళూరు 200 కి.మీ. లోపు ఉండడము చీరల వర్తకమునకు ఎంతో అనుకూలము. అదే బండ్లలో, నేత గిట్టుబాటు కాని ఇండ్ల యువకులు పనులు వెతుక్కొంటూ ఆ నగరమునకు వెళ్తున్నారు.