పల్లేరు కషాయం - మనవాళ్ళు

అత్తగారు ఇండియా నుంచి వస్తే పెట్టెలో ఆవకాయ పక్కనే పల్లేరు కాయల పొట్లం కూడా దిగుతుంది. మూత్రంలో మంటకు ఆ కషాయం ఇస్తారు. మేము వెక్కిరించం గాని, యాంటీబయాటిక్ చేసే పని అది చెయ్యదు. చలిజ్వరం, నడుం పక్కన పోటు, మూత్రంలో నెత్తురు ఉంటే ఆ రోజే డాక్టరును చూడాలి. గర్భిణులైతే ఉత్త మంటకైనా ఆగరాదు.

డబ్బా మందులంటేనే మాకు ఎక్కువ భయం. బోస్టన్ ప్రాంతపు దేశీ దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్లో 14 ఇంటిలో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో ఉన్నట్లు 2004లో జామా పత్రికలో వచ్చింది. పైగా పల్లేరు రక్తంలో చక్కెరను తగ్గించవచ్చు. షుగరు మాత్రలు వేసుకునేవారు జాగ్రత్త. “నాటుమందే కదా, చెప్పడమెందుకు?” అని దాచేది మనవాళ్ళే! ఆ డబ్బా పట్టుకెళ్ళి మీ డాక్టరుకు చూపించండి.