కర్ణాభరణము – చెవికి కమ్మ యేల?



వ్రతములకు, పూజలకు వచ్చు సోదరీమణులు కొందరు సంకోచముతో మమ్ములనడుగు ప్రశ్న యొకటి గలదు. "అయ్యా! ఇంటిలోని బంగారము తాకట్టులో నున్నది. చిలకలపూడి కమ్మలు పెట్టుకొని కుంకుమపూజకు కూర్చుండవచ్చునా? దోషమేమైనను కలదా?" అని. బందరు పట్టణమును ఆనుకొనియున్న చిలకలపూడి, భక్త నరసింహము గారు 1929లో ప్రతిష్ఠ చేయించిన పాండురంగ క్షేత్రముగా ఎంత ప్రసిద్ధమో, రోల్డుగోల్డు నగలకును అంత ప్రసిద్ధము. గుడివాడ మొదలు నాగాయలంక వరకు ఆ నగల నెరుగని యిల్లాలు అరుదు. ఈ ప్రశ్నకు బదులు చెప్పవలెనన్నచో, చెవికి భూషణమెట్లు వచ్చినదో ముందు విచారింపవలెను.

మన తెలుగుమాటనే చూడుడు. కమ్మ యనగా చెవినగ. కమ్మ యనగా తాటియాకు. ఆ యాకుపై వ్రాసిన లేఖయు కమ్మయే. అమరసింహుడు తన నిఘంటువున చెవినగకు చెప్పిన పేర్లలో 'తాలపత్రము' ఒకటి. తాలపత్రమనగా తాటియాకే గదా! చెవి రంధ్రమున ఆకును చుట్టి పెట్టుకొనుట మొదటి అలంకారము. బంగారము తరువాత వచ్చి ఆ యాకు పేరునే తాను ధరించినది. దివిసీమలో తాటిచెట్లకు కొదువ లేదు; మన పెద్దలు భారత భాగవతములను వ్రాసికొన్నదియు ఆ చెట్టు ఆకులపైననే. భగవత్కథను మోసిన ఆకు, ఆ కథను వినెడి చెవికి నగ యైనది. ఈ సంబంధము మాకు మిక్కిలి మనోహరముగా తోచును.

చెవి కుట్టుట కేవలము వేడుక కాదు, సంస్కారము. దానికి కర్ణవేధమని పేరు. రక్షణకొరకును, భూషణముకొరకును శిశువునకు ఆరవ లేక ఏడవ మాసమున చెవులు కుట్టవలెనని సుశ్రుతుడు చెప్పెను. మగశిశువునకు ముందు కుడిచెవి, ఆడశిశువునకు ముందు ఎడమచెవి. చెవితమ్మెను ఎండకు ఎదురుగా పట్టి, వెలుగు ప్రసరించు చోట సూదితో కుట్టవలెనట. ఎంతటి సూక్ష్మపరిశీలన! ఆ సమయమున చెప్పు వేదమంత్రము బంగారము నడుగదు, నగ నడుగదు. చెవులతో శుభమునే వినునట్లు చేయుమని దేవతలను ప్రార్థించును.

ఈ సంస్కారమునకు మన సీమవారు ఎక్కువగా మోపిదేవికి వెళ్లుదురు. అచ్చట సుబ్రహ్మణ్యేశ్వరుడు సర్పపు చుట్టలపై లింగరూపమున వెలసియున్నాడు. పుట్టువెండ్రుకలు తీయించి, చెవులు కుట్టించి, పుట్టలో పాలు పోసి వత్తురు. ఇందొక చిత్రము గలదు. పాముకు పైకి కనబడు చెవులు లేవు. అందుకే సంస్కృతమున దానిని 'చక్షుశ్శ్రవము', అనగా కన్నులే చెవులుగా గలది, అన్నారు. చెవిలేని రూపము ధరించిన స్వామి యెదుట చెవులు కుట్టించుటయేమి? 'కుండలి' అను పదమునకు కుండలములు ధరించినవాడనియు, సర్పమనియు రెండర్థములు గలవు. చుట్టుకొని యుండునదే కుండలము. ఇంకొక మాట. తమిళదేశమందలి స్వామిమలై క్షేత్రగాథలో కుమారస్వామి గురువై ప్రణవార్థమును ఉపదేశింపగా, పరమశివుడు శిష్యునివలె చెవియొగ్గి వినెను. తండ్రిచేత విన్పించుకొన్న ఆ బాలుని సన్నిధి కంటె కర్ణవేధమునకు తగిన చోటు వేరొకటి యేమున్నది?

ఇక అడిగిన ప్రశ్నకు వత్తము. దోషము లేదు. చెవికి శోభ శాస్త్రశ్రవణమే గాని కుండలము కాదని భర్తృహరి కుండబద్దలు కొట్టినట్లు చెప్పెను. మేమంత కఠినముగా చెప్పము. సువాసినికి కమ్మ మంగళద్రవ్యము, బోసిచెవి వలదు. కాని లలితాసహస్రనామము ప్రకారము అమ్మవారి తాటంకములు సూర్యచంద్రులే. ఆ తల్లి యెదుట మన కాసులెంత, తులములెంత? పేరంటమున పొరుగామె చెవివంక చూచి "గిల్టువా?" యని నవ్వినచో, దోషము ఆ నవ్విన నోటికే తగులును. ఇక కమ్మలకై వడ్డీకి అప్పు తెచ్చుట యే శాస్త్రమునను లేదు.

ఒక్క జాగ్రత్త మాత్రము చెప్పెదము. అప్పుడే కుట్టిన పసిచెవికి రోల్డుగోల్డు తగదు. పూత అరిగినచో లోపలి రాగియో ఇత్తడియో పచ్చిపుండుకు తగిలి చీము పట్టవచ్చును. సూది క్రొత్తది కావలెను. సన్నని మేలిమి బంగారు తీగయో, శుద్ధమైన వెండి తీగయో చుట్టించుడు. బంగారము లేని యిండ్లలో పెద్దలు వేపపుల్ల ముక్కను పెట్టెడివారు. పుండు పూర్తిగా మానిన పిదప చిలకలపూడి కమ్మలు నిశ్చింతగా పెట్టవచ్చును; దురదగాని వాపుగాని కనబడినచో వెంటనే తీసివేయుడు.