కొత్త యంత్రములో పాత అక్షరము

జగిత్యాల ప్రాంతములో ముత్యంపేట పేరు వినగానే చెరకు తోటలు, చక్కెర కర్మాగారము జ్ఞాపకము వస్తాయి. 2015 డిసెంబరులో ఆ కర్మాగారము మూతపడినప్పుడు రైతులకు ఒక సత్యము అనుభవములోనికి వచ్చినది. యంత్రము ఆగినంత మాత్రాన పంట ఆగదు. కోసిన గడ ఎవరి కోసమూ వేచి ఉండదు. అక్షరముల పంట విషయములో మాత్రము మనకు ఆ తొందర కనిపించదు. కంప్యూటరులో దాచిన పుస్తకము ఎండదనీ, పుచ్చదనీ మన ధీమా. ఆ ధీమా ఎంత బలహీనమైనదో యంత్రము మార్చిన మరునాడు గాని తెలియదు.

పల్లెలోని కవి శతకము వ్రాసినా, పెద్దలు గ్రామచరిత్ర సేకరించినా, అది అచ్చు కావలెనంటే సమీప పట్టణములోని డి.టి.పి. కేంద్రమే దిక్కు. తెలుగునాట ఇట్టి కేంద్రములలో చిరకాలముగా వాడుకలో ఉన్న జంట పేజ్‌మేకరు ప్రోగ్రాము, అను లిపులు. పేజ్‌మేకరు చివరి రూపమైన 7వ వెర్షను 2001లో వచ్చినది. విండోస్ ఎక్స్‌పి పుట్టినదీ ఆ సంవత్సరమే. ఎక్స్‌పికి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ సాధారణ పోషణ ముగించినది. ప్రతి మార్పులోనూ పాత ప్రోగ్రాములు కొన్ని వెనుకబడిపోయినవి.

కారణము గూఢమైనది కాదు. నేటి యంత్రములు 64 బిట్ల పద్ధతిలో నడుస్తాయి. 16 బిట్ల ప్రోగ్రాములను 64 బిట్ల విండోస్ స్వీకరించదు. 32 బిట్లవి నడువగలవు. కాని వాటిలో కొన్నింటిని యంత్రములో నెలకొల్పే ఇన్‌స్టాలరు 16 బిట్లది. అందుచేత అవి గడప దగ్గరనే ఆగిపోతాయి. మరికొన్నింటికి తాళపుచెవి వంటి డాంగిల్ కావలెను. దానిని గుర్తించే డ్రైవరు కొత్త యంత్రములో దొరకదు.

ఉపాయములు లేకపోలేదు. ప్రోగ్రాము గుర్తుపై మౌస్ కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ అనే చోట పాత విండోస్ పేరు ఎన్నుకొనవచ్చును. అప్పుడు కొత్త యంత్రము కొంతవరకు పాత వేషము ధరిస్తుంది. అదీ ఫలించకుంటే వర్చువల్‌బాక్స్ వంటి సాధనముతో కొత్త కంప్యూటరు లోపలనే పాత విండోస్‌ను కాపురముంచవచ్చును. అయితే దానిని ఇంటర్నెట్‌కు దూరముగా ఉంచుట క్షేమము. రక్షణ మరమ్మతులు ఆగిన ఇంటికి దొంగల భయము ఎక్కువ.

కాని ఈ ఉపాయములన్నీ ప్రోగ్రామును బ్రతికించునవే. అక్షరము మాట ఏమిటి? అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. పాత లిపులలో ఒక్కొక్క ఫాంటుకు 256 గదులకు మించి లేవు. గుణింతములు, ఒత్తులు కలిసిన తెలుగు రూపములన్నీ అందులో ఇమడవు. కనుక అక్షరమును తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు అనే ముక్కలుగా విడగొట్టి, ఇంగ్లీషు అక్షరముల గదులలోనే సర్దినారు. మన కంటికి ‘శ్రీ’ అని కనిపించినా, యంత్రము దాచుకొన్నది ఆ ముక్కలను మాత్రమే. ఆ ఫాంటు లేనిచోట శ్రీకారము అర్థము లేని ఇంగ్లీషు గీతలుగా మారుతుంది. పి.డి.ఎఫ్. చేసినచో చూపునకు చక్కగానే ఉంటుంది గాని, అందులో ఒక మాట వెదకబోతే దొరకదు.

యూనికోడు ఈ పద్ధతిని తలక్రిందులు చేసినది. 1991 నాటి దాని తొలి ప్రమాణములోనే తెలుగునకు 128 స్థానములు ఏర్పడినవి. అందులో స్థానము అక్షరమునకే గాని ఆకారమునకు కాదు. అందువలన ఫాంటు మారినా మాట మారదు.

ఒక విచిత్రము గమనింపదగినది. పేజ్‌మేకరును 1985లో వెలువరించిన ఆల్డస్ సంస్థ, వెనిస్ నగరపు ముద్రాపకుడు ఆల్డస్ మనూషియస్ పేరు పెట్టుకొన్నది. ఐదు వందల ఏండ్ల నాటి ఆయన గ్రంథములను ఈనాటికీ విప్పి చదువవచ్చును. ఆయన పేరిటి సంస్థ పుట్టించిన ప్రోగ్రాములో ఇరువది ఏండ్ల క్రిందట కూర్చిన మన శతకము తెరుచుకొనుటకు మొరాయిస్తున్నది!

కనుక పాత యంత్రము ఊపిరి పీలుస్తూ ఉండగానే అందులోని పాఠములను యూనికోడులోనికి మార్చుకొనవలెను. అందుకు పరివర్తక సాధనములు ఉన్నవి. అవి ఒత్తులను తారుమారు చేయవచ్చును గనుక అచ్చుప్రతిని పక్కన ఉంచుకొని సరిచూడవలెను. ఇది విసుగు పుట్టించే పనియే. అయినా మనకు కొత్తది కాదు. తాటాకు శిథిలము కాకముందే మరొక తాటాకుపై ఎత్తి వ్రాసిన లేఖకులు మన పూర్వులు. పందొమ్మిదవ శతాబ్దములో కడపలో సి.పి. బ్రౌన్ పండితులను నియమించి ప్రతులు వ్రాయించి, సరిచూపించినాడు. ఆ శ్రమ లేకుంటే మనకు దక్కని కావ్యములు ఎన్నో! తాటాకును పూజామందిరములో దాచినవారికంటె, దానిని ఎత్తి వ్రాసినవారే కావ్యమును కాపాడినారు.