485 పెండింగ్‌లో ఉండగా ఇండియా ప్రయాణం: తిరిగొచ్చేది ఏ కాగితం మీద?

2025 అక్టోబరు వీసా బులెటిన్‌లో భారతీయులకు ఈబీ-2 తుది తేదీ 2013 ఏప్రిల్ 1. అంతకు పన్నెండున్నరేళ్ల ముందు లైన్లో చేరినవారికి అప్పుడు వంతు వచ్చిందన్నమాట. ఉద్యోగ కోటాలో ఏడాదికి సుమారు 1,40,000 గ్రీన్‌కార్డులు, ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి. అమెరికాలో ఉన్న తెలుగు ఇళ్లలో ఈ లెక్క పిల్లలు కూడా చెబుతారు.

ఈ లైన్లోనే ఇంకో రకం నిరీక్షణ ఉంది. 2020 అక్టోబరులో ఈబీ-3 ఫైలింగ్ తేదీ ఉన్నట్టుండి 2015 జనవరి 1కి దూకింది. ఈబీ-2లో ఉన్నవారు సైతం కిందికి దిగి ఈబీ-3లో ఐ-485 (గ్రీన్‌కార్డు దరఖాస్తు) వేశారు. ఐదేళ్లు గడిచి 2025 అక్టోబరు వచ్చేసరికి ఈబీ-3 తుది తేదీ 2013 ఆగస్టు 22 దగ్గరే ఉంది. 2014 ప్రయారిటీ డేట్‌తో ఈబీ-3లో 485 వేసి, అందులోనే ఉండిపోయినవారికి కార్డు అప్పటికీ రాలేదు. ఐదేళ్లపాటు ఊరికి వెళ్లకుండా ఎవరుండగలరు? అమ్మకు మోకాలి ఆపరేషన్, చెల్లి పెళ్లి, నాన్న సంవత్సరీకం ఏవీ వీసా బులెటిన్ చూసుకుని రావు.

నిబంధన ఇదీ. 485 పెండింగ్‌లో ఉండగా దేశం దాటితే దరఖాస్తును మీరే వదులుకున్నట్టు లెక్క. దీన్నుంచి ప్రధానంగా రెండు మినహాయింపులు. హెచ్‌-1బీ, హెచ్‌-4, ఎల్-1, ఎల్-2 స్టేటస్‌లో ఉండి, చెల్లే వీసాతో అదే స్టేటస్‌లో తిరిగొస్తే 485కు ఏమీ కాదు. లేదా బయల్దేరే ముందే అడ్వాన్స్ పెరోల్ (తిరిగి రావడానికి ముందస్తు అనుమతి పత్రం) చేతిలో ఉండాలి. ఇక్కడ ‘చేతిలో’ అన్న మాటకే విలువ, రసీదు చాలదు. పెరోల్ కోసం వేసిన ఐ-131 ఇంకా తేలకముందే హెచ్‌-1బీ మీద ప్రయాణం చేస్తే 485 నిలుస్తుంది కానీ, ఆ ఐ-131ను కొట్టేస్తారు. హెచ్‌-1బీ కూడా లేకుండా వెళ్తే రెండూ పోతాయి.

చాలామంది మొదటి దారినే నమ్ముకుంటారు. పాస్‌పోర్టులో స్టాంపు గడువు ఉన్నవారికి ఇబ్బంది లేదు. గడువు తీరినవారికే 2025 నుంచి లెక్క మారింది. సెప్టెంబరు 2 నుంచి హెచ్‌-1బీకి డ్రాప్‌బాక్స్ (ఇంటర్వ్యూ మినహాయింపు) దాదాపుగా పోయి, ఇంటర్వ్యూకు స్వయంగా వెళ్లాల్సి వస్తోంది. అదే నెల 6 నుంచి సొంత దేశంలోనో, నివాసం ఉన్న దేశంలోనో స్టాంపింగ్‌కు వెళ్లమంటున్నారు. డిసెంబరు 15 నుంచి సోషల్ మీడియా ఖాతాల పరిశీలనను హెచ్‌-1బీ, హెచ్‌-4లకూ పెట్టారు. దాంతో డిసెంబరు రెండో సగానికి స్లాట్లు తీసుకుని ఇండియాలో దిగిన ఎందరికో అపాయింట్‌మెంట్లు 2026 మార్చికి, ఆ పైకీ జరిగిపోయాయి. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో 34 కోట్ల డాలర్లతో కట్టి 2023 మార్చిలో తెరిచిన కాన్సులేట్‌లో 54 వీసా కిటికీలున్నాయి. కిటికీ దాకా వెళ్లాక కూడా అదనపు పరిశీలన పేరిట 221(జి) కాగితం చేతిలో పెడితే ఎన్నాళ్లు ఆగాలో చెప్పేవారుండరు. మూడు వారాల సెలవు మీద వచ్చిన మనిషికి అమెరికాలో అద్దె, కారు వాయిదా, బడికెళ్లే పిల్లలు అన్నీ ఉంటాయి.

ఇలాంటప్పుడు ఆదుకునేది పెరోల్ కాగితమే. పెరోల్‌పై వస్తే హెచ్‌-1బీ పోతుందన్న భయం మనవాళ్లలో గట్టిగా పాతుకుపోయింది. పోదు. పిటిషన్ గడువు ఉన్నంతకాలం అదే కంపెనీలో, ఈఏడీ (పని అనుమతి కార్డు) వాడకుండానే, పని కొనసాగించవచ్చు. తర్వాత ఎక్స్‌టెన్షన్ వేసి ఆమోదం పొందితే మళ్లీ హెచ్‌-1బీ స్టేటస్‌లోకి వస్తారు. 2000లో నాటి ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చిన మెమో నుంచీ ఉన్న పద్ధతే ఇది. ఎయిర్‌పోర్టులో తేడా మాత్రం కనిపిస్తుంది. తరచూ సెకండరీ గదికి పంపుతారు, అక్కడ గంటో రెండు గంటలో కూర్చోవాలి. బయటికొచ్చి ఐ-94 (ప్రవేశ రికార్డు) తీసి చూసుకుంటే హెచ్‌-1బీ బదులు ‘డీఏ’ అని, సాధారణంగా ఏడాది గడువుతో ఉంటుంది. అయితే పెరోల్‌లో ఉండగా 485 తిరస్కరణకు గురైతే నిలబడటానికి వేరే ఆధారం ఉండదు. అందుకే స్టాంపు చెల్లుతున్నవారు హెచ్‌-1బీ మీదే రావడం మేలు. 485 ఆధారంగా వచ్చిన ఈఏడీతో పనిచేస్తూ హెచ్‌-1బీని వదిలేసినవారికి ఆ ఎంపికే లేదు. వారికి పెరోల్ ఒక్కటే దారి.

ఈ పెరోల్ చట్టంలో రెండు తెలుగు ఇంటిపేర్లున్నాయని చాలామందికి తెలియదు. గతంలో ఏడాది, ఆపైన అక్రమంగా ఉన్నవారు దేశం దాటితే పదేళ్ల నిషేధం పడుతుంది. పెరోల్‌తో ఇండియా వెళ్లొచ్చిన ఒక జంటకు ఇదే అడ్డుపెట్టారు. పెరోల్‌పై వెళ్లి రావడం ఆ నిషేధానికి లెక్కలోకొచ్చే నిష్క్రమణ కాదని 2012లో ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు తీర్పు చెప్పింది. లాయర్లు ఇప్పటికీ ‘అర్రబల్లి-ఎర్రబెల్లి’ కేసుగా దీన్ని ఉదహరిస్తారు. ఏ దేశంవారైనా సరే, పాత ఓవర్‌స్టే ఉండి పెరోల్‌పై వెళ్లేవారికి అండగా నిలిచింది ఆ తీర్పే.

ఇక ఎవరూ ముందు అనుకోని ప్రయాణం. అర్ధరాత్రి ఫోన్ వస్తుంది. మన ఇళ్లలో పదకొండో రోజుకో, కాస్త అటూఇటూగానో పెద్దకర్మ. 15 రోజుల్లోపు వెళ్లాల్సిన అత్యవసరం ఉంటే యూఎస్‌సీఐఎస్ కాంటాక్ట్ సెంటర్‌కు ఫోన్ చేసి, స్థానిక ఆఫీసులో అత్యవసర పెరోల్‌కు అపాయింట్‌మెంట్ అడగవచ్చు. ఆసుపత్రి పత్రమో, మరణ ధ్రువపత్రమో చూపించాలి. అది తెలుగులో ఉంటే ధ్రువీకరించిన ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి. ఇస్తారన్న హామీ లేదు. ఇండియా చేరాక ఈ దరఖాస్తు వేసుకుందామంటే కుదరదు.

కాబట్టి ప్రయాణం ఆలోచన ఉన్నా లేకపోయినా, హెచ్‌-1బీ ఉన్నా సరే, 485 వేసిన రోజే ఐ-131 కూడా వేయాలన్నది నా గట్టి అభిప్రాయం. 2024 ఏప్రిల్ 1 నుంచి 485కు 1,440 డాలర్లు, పెరోల్‌కు విడిగా 630. నలుగురున్న ఇంట్లో పెరోల్‌కే 2,520 డాలర్లు. పెద్ద మొత్తమే, కాదనను. 2020లో వేసిన కుటుంబాలకు ఆ భారం కూడా లేదు. 2024 ఏప్రిల్ 1కి ముందు ఫీజు కట్టి 485 వేసినవారు అది పెండింగ్‌లో ఉన్నన్నాళ్లూ పెరోల్‌ను ఉచితంగా రెన్యూ చేసుకోవచ్చు. అయినా గడువు తీరిన పెరోల్‌ను సొరుగులో పెట్టుకుని తిరిగేవారు ఎందరో ఉన్నారు. 2025 అక్టోబరు 16 నుంచి పెరోల్‌పై వచ్చేవారికి పెట్టిన 1,000 డాలర్ల ఫీజు చూసి కంగారు పడక్కర్లేదు. 485 పెండింగ్‌లో ఉండి తిరిగొచ్చేవారికి మినహాయింపు ఉంది. 485 రసీదు మాత్రం చేతి సంచిలో ఉంచుకోవాలి, చెక్ఇన్ పెట్టెలో కాదు.

పాస్‌పోర్టు గడువూ చూసుకోండి. హెచ్‌-1బీ 2028 దాకా ఉన్నా, పాస్‌పోర్టు వచ్చే మార్చిలో ముగుస్తుంటే ఐ-94ను మార్చికే కుదించేస్తారు. అలాగే మీరు ఊళ్లో ఉండగా అమెరికా ఇంటి పోస్టు డబ్బాలో వేలిముద్రల నోటీసో, అదనపు ఆధారాలు కోరే లేఖో పడవచ్చు. ఆ లేఖకు సాధారణంగా గరిష్ఠ గడువు 84 రోజులు, పొడిగింపు ఇవ్వరు. బయల్దేరే ముందు డబ్బా తాళం నమ్మకమైన మిత్రుడికి ఇచ్చి, వచ్చిన ప్రతి కవరునూ ఫొటో తీసి పంపమనండి.