చిత్రమును జూచి గ్రంథమును జదువుట

గడచిన వేసవి సెలవులకు ముందు మా యాడికి పాఠశాలలో పై తరగతుల విద్యార్థులతో గూడి మేము ‘కన్యాశుల్కము’ చలనచిత్రమును జూచితిమి. 1955వ సంవత్సరమున వెలువడిన యీ చిత్రమునకు పి. పుల్లయ్యగారు దర్శకులు. నందమూరి తారక రామారావుగారు గిరీశముగను, సావిత్రిగారు మధురవాణిగను నటించిరి. పిల్లలు కడుపుబ్బ నవ్విరి. మఱునాడే కొందఱు గురజాడ అప్పారావుగారి నాటకమును గ్రంథాలయమునుండి తీసికొనిపోయిరి. కాని వారము తిరుగకమునుపే పెక్కుమంది దానిని మరల నిచ్చివేసిరి.

కారణ మడుగగా మూడు సంగతులు చెప్పిరి. మొదటిది భాష. ఈ నాటకము విజయనగర ప్రాంతపు వాడుకభాషలో వ్రాయబడినది. అందలి మాటలు కొన్ని మన సీమలో వినబడవు. అట్టిచోట బిగ్గరగ జదివిన, పలుకుబడివలననే భావము తోచును. రెండవది, చిత్రములోని పూర్ణమ్మ కథ గ్రంథమున గానరాకుండుట. అది గురజాడవారి వేఱొక గేయము. చిత్రకర్తలు దానిని దెచ్చి యిందు జేర్చిరి. మూడవది నిడివి. ఏడంకముల నాటకమును మూడు గంటలలో జూపుటకు జాల భాగము విడువక తప్పదు.

అట్లయిన జిత్రమును జూచినవారు గ్రంథము నేల చదువవలెను? ఈ నాటకము 1892లో విజయనగరమున దొలుత బ్రదర్శింపబడి, 1897లో నచ్చుపడినది. నేడు మనము చదువునది 1909లో మిక్కిలి మార్చి వెలువరించిన కూర్పు. ప్రథమ ముద్రణమునకు గ్రంథకర్త యాంగ్లమున నొక పీఠిక వ్రాసెను. విజయనగర మహారాజుగారు విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో జరిగిన శుల్కవివాహములను లెక్కింపజేయగా 1034 తేలెనని యందు గలదు. ఆ బాలికలలో అయిదేండ్లవారు 99 మంది. ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల వెల 350 మొదలు 400 రూపాయలు.

మేము దీనిని దెలుగున జెప్పగా, తొమ్మిదవ తరగతి బాలిక యొకతె లేచి, “అయ్యా, ఆ బిడ్డకు అప్పటికి నడక వచ్చియుండెనా?” అని యడిగెను. తరగతిలో నెవ్వరును నవ్వలేదు. పిమ్మట లుబ్ధావధానులు పెండ్లిబేరమాడు ఘట్టమును మరల జదివితిమి. నవ్వు వచ్చినది గాని, ఆ నవ్వు మునుపటిది గాదు.

బాలికకు 18 ఏండ్లు నిండక వివాహము చేయరాదని 2006 నాటి చట్టము చెప్పుచున్నది. అయినను, వానలు కురియని యేట గూతురి బడి మాన్పించి పెండ్లి తలపెట్టు నిండ్లు మన పల్లెలలో నేటికిని గలవు. కావున నీ గ్రంథము పిల్లలకు మాత్రమే గాదు. మా గ్రంథాలయమున రెండు ప్రతులున్నవి. తల్లిదండ్రులును వచ్చి తీసికొనిపోవచ్చును. చదువురానివారికి బిడ్డలే చదివి వినిపింతురు గాక.