అమెరికాలో భర్త.. ఇక్కడ భార్య.. డీఎస్-260 ఫామ్‌లో ఈ గళ్ల దగ్గర జాగ్రత్త!

అమెరికా సంబంధం చేసుకున్న ఇళ్లల్లో పెళ్లి హడావుడి తగ్గగానే వీసా హడావుడి మొదలవుతుంది. అందులో చాలామంది తడబడేది డీఎస్-260 దగ్గరే. అమెరికా పౌరసత్వం లేదా గ్రీన్‌కార్డు ఉన్న భర్త దగ్గరికో, భార్య దగ్గరికో శాశ్వతంగా వెళ్లేవాళ్లు ఆన్‌లైన్‌లో నింపాల్సిన ఇమిగ్రెంట్ వీసా దరఖాస్తు ఇది. భర్త హెచ్-1బీ మీద ఉంటే మాత్రం ఇది మీ ఫామ్ కాదు. హెచ్-4 కోసం నింపేది డీఎస్-160.

ఫామ్ ఎప్పుడు ఓపెన్ అవుతుంది?

ముందుగా అమెరికాలో ఉన్నవాళ్లు ఐ-130 పిటిషన్ వేయాలి. అది ఓకే అయ్యాక ఫైల్ నేషనల్ వీసా సెంటర్‌కు వెళ్తుంది. గ్రీన్‌కార్డుదారుల భార్య లేదా భర్త అయితే వీసా బులెటిన్‌లో వంతు వచ్చేదాకా ఆగాల్సి ఉంటుంది. సెంటర్ నుంచి వచ్చే కేస్ నంబర్, ఇన్‌వాయిస్ నంబర్లతో లాగిన్ అయి వీసా ఫీజు 325 డాలర్లు, అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్ ఫీజు 120 డాలర్లు కట్టాలి. డబ్బు కట్టిన వెంటనే ఫామ్ తెరుచుకోదు, కొన్ని రోజులు పట్టొచ్చు. అలాగని మెయిల్ వచ్చింది కదా, తీరిగ్గా చూద్దాంలే అనుకోవద్దు. ఏడాదిపాటు మీ వైపు నుంచి ఏ కదలికా లేకపోతే పిటిషన్ రద్దయ్యే ప్రమాదం ఉంది.

పేరు దగ్గరే మనవాళ్లకు చిక్కు

పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. టెన్త్ మెమోలో ఒక్క అక్షరమే. ఆధార్‌లో ముందు పేరు, వెనక ఇంటిపేరు. ఫామ్‌లో మాత్రం పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే రాయాలి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఖాళీగా ఉంటే, ఉన్న పేరును సర్‌నేమ్ గడిలో పెట్టి గివెన్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ అని వేస్తారు. భర్త ఇంటిపేరు పెట్టుకుని ఉంటే, పుట్టింటి ఇంటిపేరును ఇతర పేర్ల గడిలో చూపించాలి. అన్నట్టు, వీసా కోసం ఇంటిపేరు మార్చుకోవాలని ఎక్కడా రూల్ లేదు.

ఓపిక పరీక్షించేది అడ్రస్‌ల గడి. 16 ఏళ్ల వయసు నుంచి ఉన్న ప్రతి చోటూ రాయాలి. విజయవాడలో ఇంటర్ హాస్టల్, అమీర్‌పేటలో కోచింగ్ రోజుల గది, బెంగళూరులో ఉద్యోగం.. ఏదీ వదలకూడదు. తేదీల మధ్య ఖాళీలు లేకుండా ముందే ఒక కాగితం మీద రాసుకుంటే సగం పని అయిపోయినట్టే. ఎందుకంటే కాసేపు కదలకుండా వదిలేస్తే సైట్ లాగౌట్ అయిపోతుంది, సేవ్ చేయనిది పోతుంది. గత పదేళ్ల ఉద్యోగాలు, ఐదేళ్లుగా వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు, ఫోన్ నంబర్లు, ఈమెయిల్స్ కూడా అడుగుతారు. పాస్‌వర్డ్‌లు అడగరు. 16 ఏళ్లు దాటాక చదువుకో, ఉద్యోగానికో వేరే దేశంలో ఏడాది, అంతకంటే ఎక్కువ ఉంటే అక్కడి పోలీస్ సర్టిఫికెట్ కూడా తెచ్చుకోవాల్సి రావొచ్చు.

పాత రిజెక్షన్ దాస్తే..

గతంలో ఎప్పుడైనా అమెరికా వీసా నిరాకరించారా? ఈ ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యం. బీటెక్ అయ్యాక ఎఫ్-1కి వెళ్లి రిజెక్ట్ అయినవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. పెళ్లప్పుడు అవతలివాళ్లకు చెప్పలేదనో, వీసా రాదేమోననో కొందరు 'నో' కొట్టేస్తుంటారు. పాత రిజెక్షన్ ఉందని చెప్పినంత మాత్రాన భార్యాభర్తల కేసు ఆగిపోదు. కానీ దాన్ని కావాలని దాచారని తేలితే అది తప్పుడు సమాచారం కింద లెక్క. దానికి శాశ్వత నిషేధం దాకా వెళ్లొచ్చు. వాళ్ల రికార్డుల్లో మీ పాత దరఖాస్తు, వేలిముద్రలు ఉంటాయన్నది మర్చిపోవద్దు. విడాకులైన పాత పెళ్లి విషయంలోనూ అంతే. తేదీలతో సహా రాయాల్సిందే. పిల్లలుంటే, మీతో రాకపోయినా వాళ్ల పేర్లు ఇవ్వాలి.

ఫామ్‌ను కన్సల్టెన్సీ వాళ్లో, అమెరికాలో ఉన్న భర్తో నింపడం మామూలే. ఎవరు సాయం చేశారో చెప్పే గడి కూడా అందులోనే ఉంది. కానీ ఎలక్ట్రానిక్ సంతకం దరఖాస్తుదారుదే, ఇంటర్వ్యూలో జవాబు చెప్పాల్సిందీ వాళ్లే. అందుకే సబ్మిట్ కొట్టే ముందు అమ్మాయి తానే మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చదవాలి. సబ్మిట్ అయ్యాక ఫామ్ లాక్ అవుతుంది. తప్పు కనిపిస్తే నేషనల్ వీసా సెంటర్‌కు రాసి మళ్లీ ఓపెన్ చేయించుకోవాలి, లేదా ఇంటర్వ్యూలో ఆఫీసర్‌కు ముందే చెప్పాలి.

సోషల్ సెక్యూరిటీ కార్డు కావాలా అన్న ప్రశ్నకు ఇక్కడే 'యస్' పెట్టేస్తే, అక్కడికి వెళ్లాక మళ్లీ దరఖాస్తు పెట్టే పని చాలావరకు తప్పుతుంది. పెళ్లి సర్టిఫికెట్, బర్త్ సర్టిఫికెట్, పీసీసీ స్కాన్లు అదే సైట్‌లో విడిగా అప్‌లోడ్ చేయాలి. శుభలేఖ, పెళ్లి ఫొటోలు రిజిస్ట్రార్ సర్టిఫికెట్‌కు బదులు కావు. కన్ఫర్మేషన్ పేజీ ప్రింట్ తీసి దాచుకోండి, ఇంటర్వ్యూకి అది కావాలి. ఆ ఇంటర్వ్యూ సాధారణంగా జరిగేది హైదరాబాద్ కాన్సులేట్‌లో కాదు, ముంబైలో.